పని లేకుండా కూర్చోబెట్టారు, రాజీనామా చేయమనాలా?

ప్రశ్న: మావారికి 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ, ఏడేళ్ల క్రితం టోక్యోలో ఒక జపనీస్ కంపెనీలో పర్మినెంట్ ఉద్యోగిగా చేరారు. వరుసగా రెండు అప్రైజల్స్‌లో అట్టడుగు గ్రేడు వచ్చింది. ఏప్రిల్ నుంచి ప్రాజెక్టులోంచి తీసేసి, పాత మాన్యువల్స్‌లో పేజీ నంబర్లు సరిచూసే పని ఇచ్చారు. పదిహేను రోజులకోసారి మేనేజరు, హెచ్ఆర్ కలిసి పిలిచి, ‘మీకు తగిన చోటు బయట ఉందేమో ఆలోచించండి’ అంటున్నారట. తిట్టరు, తీసేయరు. ఇంట్లో ఆయన మాట్లాడటం మానేశారు. మొన్న కోపంలో ‘నీకు చేతకాకే కదా’ అనేశాను. ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చేయమని మా నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— నిషికసాయ్ నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు, మీవారు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా చూసుకోండి. మిగిలినవన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు గాని, రాజీనామా పత్రం ఇచ్చేశాక వెనక్కు తీసుకోవడం చాలా కష్టం.

తిట్టకుండా, తీసేయకుండా ఎందుకిలా చేస్తున్నారన్నది మీకు అంతుబట్టడం లేదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. జపాన్ కార్మిక ఒప్పంద చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, సహేతుకమైన కారణం లేకుండా, సమాజం సమంజసమని ఒప్పుకోని రీతిలో ఉద్యోగిని తొలగిస్తే ఆ తొలగింపు చెల్లదు. జపాన్‌లోనే ఉన్న కోచి అనే నగరంలోని ఒక రేడియో సంస్థలో అనౌన్సరు రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు నిద్రలేవక ఉదయం వార్తలకు అంతరాయం కలిగించినప్పుడు కూడా, ఆయనను తొలగించడం చెల్లదని 1977లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. సెగా అనే వీడియో గేముల కంపెనీలో అప్రైజల్ అడుగు వరుసలో ఉన్న ఉద్యోగిని పని లేని గదిలో కూర్చోబెట్టి, ఆపైన తొలగించిన వ్యవహారంలో, తోటివారికంటే గ్రేడు తక్కువన్న ఒక్క కారణం చాలదనీ, శిక్షణ ఇచ్చి మెరుగుపరచే అవకాశం చూడాలనీ 1999లో టోక్యో జిల్లా కోర్టు చెప్పింది. తొలగించడం ఇంత కష్టమైన చోట, ఉద్యోగి తానే విసిగి వెళ్లిపోవాలని ఎదురుచూసే కంపెనీలు ఉన్నాయి. మీవారికి పేజీ నంబర్ల పని అప్పగించడం ఆ కోవలోదే కావచ్చు. దాన్ని ఆయన సామర్థ్యంపై ఇచ్చిన తీర్పుగా మీరిద్దరూ తీసుకోవద్దు.

అలాగని ఆయన వైపు లోపమే లేదని నేను అనను. ఏ అంశంలో గ్రేడు తగ్గిందో, ఏది ఎంత మెరుగుపడాలో రాతపూర్వకంగా చెప్పమని ఆయన మేనేజరును మర్యాదగా అడగాలి. మన ఐటీ వాళ్లకు అక్కడ ఎక్కువగా దెబ్బ తగిలేది కోడింగులో కాదని నా అభిప్రాయం. ‘అయిపోతుంది సార్’ అని శుక్రవారానికి ఒప్పుకుని, గురువారం రాత్రంతా కూర్చుని, చివరికి సోమవారం ఇచ్చే మనిషి మీద అక్కడి మేనేజరుకు నమ్మకం పోతుంది. శుక్రవారానికి కాదని బుధవారమే చెప్పేవాడిని ఆయన నమ్ముతాడు. అడగకముందే చెప్పడం, చిన్న ఇబ్బందిని కూడా పైవారి దృష్టికి తీసుకెళ్లడం అక్కడ పనిలో భాగమే. ఇది నేర్చుకోగలిగిన విషయం. జపనీస్ కంపెనీలు ఒక ఉద్యోగానికని కాకుండా కంపెనీకని మనిషిని తీసుకుని, విభాగాలు మార్చుతూ తయారుచేసుకోవడం పరిపాటి కాబట్టి, వేరే విభాగానికి బదిలీ అడగడంలో తప్పేమీ లేదు. ఆ అవకాశం కంపెనీ ఇచ్చి చూసిందా అన్నది రేపు కోర్టు కూడా పరిశీలిస్తుంది.

అర్హతకు బాగా తక్కువైన పని కారణం లేకుండా అప్పగించడాన్నీ, నలుగురి నుంచీ విడదీసి ఉంచడాన్నీ అక్కడి ప్రభుత్వం, పైస్థాయిని అడ్డం పెట్టుకుని చేసే వేధింపుల జాబితాలో చేర్చింది. వాటిని నివారించే బాధ్యత 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీలకు, 2022 ఏప్రిల్ నుంచి చిన్నవాటికి కూడా చట్టరీత్యా వచ్చింది. ఏ తేదీన ఎవరు పిలిచారో, ఏమన్నారో ఆయన ఇంటికి రాగానే రాసి ఉంచుకోవాలి. కార్మిక శాఖ సలహా కేంద్రాలలో ఉచితంగా మాట్లాడవచ్చు, ఇంగ్లీషులో ఫోన్ సదుపాయం కూడా ఉంది.

ఇక మీ ఇంటి సంగతి. ఆఫీసులో మర్యాదగా అంటున్న మాటనే మీరు ఇంట్లో నేరుగా అనేశారు. ఆ మాటను కోపం ఖాతాలో వేసి వదిలేయకండి, ‘చేతకాదని అనడం నా తప్పు’ అని ఆ మాటనే పేర్కొని క్షమాపణ అడగండి. రోజూ సాయంత్రం ఆఫీసు విశేషాలు ఆరా తీయడం కొన్నాళ్లు మానండి. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో మాత్రం గమనిస్తూ ఉండండి. రెండు వారాలకు పైగా రెండూ చెడితే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. 50 మంది, అంతకు మించి పనిచేసే కార్యాలయాలలో నియమిత వైద్యుడు ఉంటారు, ఆయన్నీ కలవవచ్చు. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్య సహాయం తీసుకోండి. మీ నాన్నగారికి మీరే ఫోన్ చేసి, నిర్ణయం మేమిద్దరం తీసుకుంటామని, అప్పటిదాకా అల్లుడితో ఈ ప్రస్తావన తేవద్దని చెప్పండి.

ఆ కుర్చీలోనే ఏళ్ల తరబడి కూర్చోమని నేను చెప్పడం లేదు. జీతం వస్తుండగానే వేరే ఉద్యోగం వెతుక్కోవడం మంచిది. ఇంజనీరు వీసా మీద ఉన్నవారు ఉద్యోగం వదిలిన 14 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి, సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పనిలో లేకపోతే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. తనంతట తాను మానేస్తే నిరుద్యోగ భృతికి, వారం నిరీక్షణ తరువాత, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం మరో నెల ఆగాలి. కంపెనీ ప్రోద్బలం మీద వెళ్లినట్లు నమోదైతే ఆ నెల ఉండదు. వెళ్లక తప్పని పరిస్థితే వస్తే, కారణం కాగితంలో ఎలా రాస్తున్నారో చూసుకుని, అదనపు సొమ్ము మాట్లాడుకుని, లాయరుకు చూపించాకే సంతకం పెట్టాలి.

తరువాతి సమావేశంలో ‘ప్రస్తుతం మానే ఉద్దేశం లేదు, ఇక్కడే మెరుగుపడాలని ఉంది’ అని ఆయన స్పష్టంగా చెప్పాలి. నవ్వి ఊరుకుంటే సందిగ్ధంగా ఉన్నాడనుకుని మళ్లీ మళ్లీ పిలుస్తారు. స్పష్టంగా కాదన్న తరువాత కూడా పట్టుబట్టి పిలవడం హద్దు దాటితే చట్టవిరుద్ధమని 1980లోనే అక్కడి సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆ రెండు ముక్కలూ జపనీస్‌లో మర్యాద చెడకుండా ఎలా చెప్పాలో ఈ వారాంతంలో ఇద్దరూ కూర్చుని రాసుకోండి, ఆయన మీ ఎదుట ఒకటికి రెండుసార్లు పైకి చెప్పి అలవాటు చేసుకోవాలి.