ఇంగ్లీషు సందేహాలు: ‘ఆఫ్’ అంటే ఆపేయడమేనా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు బెంగళూరులో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. కిందటి నెల సోమవారం జరగవలసిన మీటింగు ‘పుట్ ఆఫ్’ అయిందని మా టీమ్ లీడర్ మెసేజ్ పెట్టారు. ఆఫ్ అంటే ఆపేయడమే కదా అనుకుని నేను తయారు చేస్తున్న ప్రజెంటేషన్ పక్కన పడేశాను. గురువారం అదే మీటింగుకు పిలిచేసరికి నా చేతిలో ఏమీ లేదు. ‘పుట్’ అంటే పెట్టడమని చిన్నప్పుడే నేర్చుకున్నాను గాని, దాని పక్కన ఆఫ్, అప్, ఔట్ చేరినప్పుడల్లా అర్థం ఎందుకు మారిపోతుంది? వీటిని నేర్చుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, మీ పొరపాటుకు మూలం మన తెలుగులోనే ఉంది. మనం ‘లైటు ఆఫ్ చెయ్యి’, ‘ఫ్యాను ఆన్ చెయ్యి’ అంటాం. అంటే ‘స్విచ్ ఆఫ్’లోంచి క్రియను వదిలేసి, పక్కనున్న క్రియావిశేషణాన్ని మాత్రమే తెచ్చుకుని, దానికి మన ‘చెయ్యి’ తగిలించుకున్నాం. అసలు బరువు ఏ మాటలో ఉందో మనవాళ్లు సరిగ్గానే పసిగట్టారు. అయితే ఆ మాటకున్న అర్థాల్లో ఒక్కటే మన దాకా వచ్చింది. ‘ఆఫ్’కు మూలార్థం ఆగిపోవడం కాదు, ఉన్నచోటు నుంచి విడిపడటం. ఒంటి మీద చొక్కా విప్పితే ‘టేక్ ఆఫ్’, ఆ చొక్కాకున్న బొత్తాం ఊడివస్తే ‘కమ్ ఆఫ్’, విమానం నేలను విడిస్తే మళ్లీ ‘టేక్ ఆఫ్’, ఊరెళ్లే చుట్టాలను స్టేషను దాకా వెళ్లి సాగనంపితే ‘సీ ఆఫ్’, అప్పు పూర్తిగా తీర్చి వదిలించుకుంటే ‘పే ఆఫ్’. మీ మీటింగు సోమవారం నుంచి విడిపడి మరో రోజుకు జరిగింది కాబట్టి అది ‘పుట్ ఆఫ్’, అంటే వాయిదా. ఇక జరగనే జరగదని చెప్పదలిస్తే ‘కాల్ ఆఫ్’ అని ఉండేవారు. ఏ రోజుకు వాయిదా పడిందో రాయకపోవడం మాత్రం మెసేజ్ పెట్టినవారి లోపమే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. 1755లో వెలువడిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి వల్లనే పరాయి భాషవారికి అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలుగుతుందని రాశాడు. పరాయివారిలో మనం కాస్త అదృష్టవంతులమని నా అభిప్రాయం, ఎందుకంటే ఇలాంటి యంత్రాంగం మన భాషలోనూ ఉంది. ‘తిన్నాడు’కూ ‘తినేశాడు’కూ ఉన్న తేడా చెప్పమంటే మీరు తడుముకోరు. రెండోదానిలో పళ్లెం ఖాళీ అయిన సంగతి వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘ఈట్’ పక్కన ‘అప్’ చేరినప్పుడు జరిగేది దాదాపు అదే. తాగేయడం ‘డ్రింక్ అప్’, చింపేయడం ‘టేర్ అప్’, ఉన్నదంతా వాడేయడం ‘యూజ్ అప్’. ఇక్కడ ‘అప్’కు పైకి అనే అర్థం వెతికితే దొరకదు, పని పూర్తయిందనే అర్థమే దొరుకుతుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతే ‘బాయిల్డ్ ఓవర్’, దీపం ఆరిపోతే ‘వెంట్ ఔట్’, ట్యాంకరు రాక సంపులో నీళ్లు అయిపోతే ‘ర్యాన్ ఔట్’. మన ‘వేయు’, ‘పోవు’ చేసే పనిని వాళ్లు అప్, ఓవర్, ఔట్ లాంటి మాటలతో చేయించుకుంటున్నారు.

అన్నీ ఇలా విడదీస్తే తెలిసిపోవు. ‘లేచింది’ తెలుసు, ‘పోయింది’ తెలుసు, అయినా ఎవరింటి అమ్మాయో ‘లేచిపోయింది’ అన్న మాటకు అర్థం ఆ రెండింటినీ కలిపినంత మాత్రాన తేలదు కదా! ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడమనీ, ‘గివ్ అప్’ అంటే చేతులెత్తేయడమనీ అలాగే గుర్తుపెట్టుకోవలసిందే. మాటకు మాట పోలిక కూడా కొన్నిచోట్ల దెబ్బతీస్తుంది. మనం ‘పైకొచ్చాడు’ అంటే బాగుపడ్డాడని. ‘సమ్‌థింగ్ హ్యాజ్ కమ్ అప్’ అని మీ సహోద్యోగి అంటే అతను బాగుపడ్డాడని సంతోషించకండి, అనుకోని పని తగిలి ఇవాళ రాలేనంటున్నాడు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి మరో ఇబ్బంది ఉంది. పాఠ్యపుస్తకం మనకు ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’, ‘ఎక్స్‌టింగ్విష్’ లాంటి లాటిన్ మూలపు పెద్ద మాటలు నేర్పింది. నిత్యం మాట్లాడుకునేటప్పుడు వాళ్లు వాటికి బదులు పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పుట్ ఔట్ అంటారు. వంటింట్లో నిలబడి ‘జ్వాలను నిర్వాపణము చేయుము’ అని మనం అనం కదా, పొయ్యి ఆర్పమంటాం. కాబట్టి నోట్‌బుక్కులో ‘పుట్’ కింద పాతిక అర్థాలు రాసుకునే పద్ధతి మానండి. ‘ఆఫ్’కు ఒక పేజీ, ‘అప్’కు ఒక పేజీ కేటాయించి, ఆ రోజు మీ చెవిన పడిన వాక్యాన్ని పూర్తిగా, ఎవరు ఎందుకు అన్నారో సహా రాసుకోండి. మీ మొదటి పేజీకి మొదటి వాక్యం ఆ మెసేజే.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత మా అబ్బాయి దగ్గర, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. ‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’ అంటే ఊరుకున్న మా మనవరాలు, ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అనగానే ‘అలా అనకూడదు తాతయ్యా’ అని నవ్వుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మనవరాలి మాటే ఒప్పు. కర్మ నామవాచకమైతే ‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’ అన్నా, ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’ అన్నా చెల్లుతుంది. ఇట్, దెమ్, హిమ్ వంటి సర్వనామమైతే అది నడిమికే రావాలి, అంటే ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అనే తీరాలి. అయితే ‘లుక్ ఆఫ్టర్’ వంటి జంటలో ఆఫ్టర్ క్రియావిశేషణం కాదు, మన విభక్తి ప్రత్యయం లాంటిది. అందువల్ల అది తన కర్మను ముందుకు పోనివ్వదు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. ఈ రెండు రకాలనూ పట్టుకోవడానికి చెవి సాయపడుతుంది. మనవరాలిచేత రెండు వాక్యాలూ చెప్పించుకుని వినండి. మొదటిదానిలో ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది, రెండోదానిలో ‘లుక్’ మీద పడుతుంది.

ప్రశ్న: ‘ఐ గాట్ డౌన్ ఎట్ మెజెస్టిక్’, ‘ఐ రిటర్న్‌డ్ బ్యాక్’ అనే వాక్యాలు తప్పా?
– ఒక విద్యార్థి, మారతహళ్లి

జవాబు: మొదటిది మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. తెలుగులో దిగు, కన్నడంలో ఇళి, తమిళంలో ఇఱంగు, అన్నీ కిందికి రావడమే కాబట్టి మన నోట ‘డౌన్’ వచ్చింది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో అయితే ‘గాట్ ఆఫ్’ అంటారు. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, మెట్రోలకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. ఒదిగి కూర్చునే కారు, ఆటోలకు గెట్ ఇన్, గెట్ ఔట్. సాయంత్రం ఆరింటికి సిల్క్‌బోర్డు దగ్గర కిక్కిరిసిన బస్సులో నడవడం ఎలాగని మీరు అడగవచ్చు, వ్యాకరణం రద్దీని లెక్కలోకి తీసుకోదు.

రెండోది మానుకోండి. ‘రిటర్న్’లో వెనక్కి రావడం ముందే ఉంది. దానికి ‘బ్యాక్’ తగిలించడం మనం ‘గేటు తలుపు’ అన్నట్టు, ‘నడిసెంటరు’ అన్నట్టు ఉంటుంది.