వందేళ్ళ మున్సిపల్ హైస్కూలు చరిత్ర, పూర్వ విద్యార్థుల జాబితా: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు. కర్నూలు పాతబస్తీలో మీరు చదివిన మున్సిపల్ హైస్కూలు ఏ ఏడాది పుట్టిందో తేల్చడం ఎలా, శతజయంతి బోర్డు మీద ఎవరి పేర్లు రాయొచ్చు, వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న నలభై పేర్ల జాబితాను నమ్మొచ్చా. మూడోదానికి జవాబు: నమ్మకండి. అందులో సగం నిజమే కావచ్చు, కానీ ఏ సగమో ఎవరికీ తెలియదు. పేరు పట్టుకుని బడికి వెళ్ళి వెతికితే కావాలనుకున్నదే కనిపిస్తుంది. రిజిస్టరు పట్టుకుని పేరు దాకా రండి.

ఇక్కడ అసలు ఆధారం అడ్మిషన్ రిజిస్టరు. బడి ఉన్నన్నాళ్ళూ దాచవలసిన పుస్తకం అది, హెడ్మాస్టరు గదిలో బీరువాలో ఉంటుంది. ఒక్కో వరుసలో అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, అంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, చేరిన తేదీ, విడిచిన తేదీ, టీసీ నంబరు ఉంటాయి. ముందు పేర్ల జోలికి పోకుండా నంబరు చూడండి. మిగిలినవాటిలో అన్నిటికంటే పాత పుస్తకం తీసి మొదటి పేజీ తెరవండి. 1తో మొదలైతే పక్కనున్న తేదీ చాలా విలువైనది. 1,261తో మొదలైతే ముందు పుస్తకం పోయిందన్నమాట. అప్పుడు తర్వాతి నాలుగైదేళ్ళలో ఏడాదికి ఎంతమంది చేరారో చూడండి. సగటున 90 మంది అయితే, పోయిన 1,260 పేర్లకు 14 ఏళ్ళు పట్టి ఉండాలి. తొలినాళ్ళలో పిల్లలు తక్కువ కాబట్టి ఇంకా ఎక్కువే అయ్యుంటుంది. ఈ లెక్క బోర్డు మీద రాసుకోవడానికి పనికిరాదు, ఏ ఏళ్ళ కాగితాలు వెతకాలో చెప్తుంది అంతే. బడి స్థాయి మారినప్పుడు కొన్నిచోట్ల నంబర్లు మళ్ళీ 1 నుంచి మొదలుపెట్టారు, అది కూడా గమనించండి.

పుట్టిన ఏడాది మీద మీ సంఘంలో గొడవ జరుగుతోందన్నారు. చాలా బళ్ళకు మూడు పుట్టినతేదీలు ఉంటాయి: ఎలిమెంటరీగా మొదలైన ఏడాది, మిడిల్ స్కూలు అయిన ఏడాది, హైస్కూలు అయిన ఏడాది. నాలుగోది శంకుస్థాపన రాయి. అది ఆ భవనానిది, బడిది కాకపోవచ్చు. పాత లెక్కలో ఫస్ట్ ఫారం అంటే ఇప్పటి 6వ తరగతి, సిక్స్త్ ఫారం అంటే 11వ ఏడాది, దాని చివర బడి చదువు ముగింపు పరీక్ష అయిన ఎస్‌ఎస్‌ఎల్‌సీ. కాబట్టి రిజిస్టరులో 'చేరిన తరగతి' గడిలో సిక్స్త్ ఫారం అనే మాట మొదటిసారి ఎప్పుడు కనిపిస్తుందో చూస్తే హైస్కూలు అయిన కాలం దాదాపు చేతికి చిక్కుతుంది. శంకుస్థాపన రాయి కనిపించడం లేదంటే పోయిందని అనుకోకండి. వరండా గోడలో ఉండి, సున్నం మీద సున్నం, రంగు మీద రంగు పడి అక్షరాలు పూడిపోయి ఉంటాయి. సాయంత్రం పూట టార్చి లైటును గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి, చెక్కిన గీతల నీడలు తేలతాయి. గోకొద్దు, ఉలి అసలే వద్దు.

బడి బయట దొరికే ఆధారాల్లో మొదట జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు చూడండి, అంటే బ్రిటిషు కాలంలో ఒక్కో జిల్లా వివరాలు కూర్చి అచ్చువేసిన పుస్తకాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ్మ శెట్టి రాసిన మాన్యువల్ (1886), కడపకు గ్రిబుల్ మాన్యువల్ (1875), బ్రాకెన్‌బరీ గెజిటీరు (1915), అనంతపురానికి ఫ్రాన్సిస్ గెజిటీరు (1905). విద్య మీద విడిగా అధ్యాయం ఉంటుంది. ఇక్కడ చాలామంది దారి తప్పేది జిల్లా సరిహద్దుల దగ్గర. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, కాబట్టి అంతకు ముందటి బడి సంగతులు బళ్ళారి కాగితాల్లో ఉంటాయి. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోదే. కర్నూలు 1839 దాకా నవాబు చేతిలో ఉంది, అప్పటిదాకా ఈస్టిండియా కంపెనీ వాళ్ళ విద్యా నివేదికల్లో ఆ ఊరి బళ్ళు దొరకవు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1కి ముందు బడిని హైస్కూలుగా పెంచిన ఉత్తర్వు కావాలంటే మద్రాసు విద్యాశాఖ కాగితాలు చూడాలి, అవి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వెళ్ళేముందు సుమారు ఏడాది తెలిసి ఉండాలి, లేకుంటే వారం రోజులు సూచికలు తిరగేయడంతోనే సరిపోతుంది. ఇందాకటి 14 ఏళ్ళ లెక్క అక్కడ అక్కరకొస్తుంది.

ఇక పేర్లు. కర్నూలు బళ్ళు అన్నిటికంటే ముందు తలుచుకునేది దామోదరం సంజీవయ్య గారిని. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయన పెదపాడులో పుట్టి, కర్నూలు మున్సిపల్ స్కూల్లో చదివి 1938లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ పాసయ్యారు. ఇంతవరకు జీవితచరిత్రల్లో ఉన్నదే. కానీ నేడు ఊళ్ళో మున్సిపల్ హైస్కూళ్ళు ఒకటి కంటే ఎక్కువ. 'మున్సిపల్ స్కూల్' అన్నంత మాత్రాన మీ బడే అని తేలదు. 1930ల నడుమ నుంచి 1938 దాకా ఉన్న రిజిస్టర్లు వరుసగా చదివి, పెదపాడు పిల్లవాడు కనిపిస్తే అప్పుడు రాయండి. ఆ ఒక్క వరుస దొరికితే బోర్డుకు అంతకంటే గొప్ప అలంకారం లేదు.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులోనే పుట్టారు. చిన్నప్పటి చదువు కర్నూలు, గుత్తి, నంద్యాల మూడు చోట్లా సాగింది. మూడు ఊళ్ళూ మావాడే అనుకోవడంలో తప్పు లేదు, కానీ ఏ బడి అన్నది ఊరి పేరుతో తేలదు. నీలం సంజీవరెడ్డి గారిని అనంతపురం హైస్కూళ్ళ జాబితాలో పెట్టేస్తుంటారు. ఆయన హైస్కూలు చదువు మద్రాసు అడయారు థియొసాఫికల్ స్కూల్లో, అనంతపురంలో చదివింది కాలేజీ. కమ్యూనిస్టు నాయకులు తరిమెల నాగిరెడ్డి గారు అనంతపురం జిల్లా వారే అయినా మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అనంతపురం కాలేజీలో పాఠం చెప్పినవారు, అక్కడ చదువుకున్నవారు కారు. సంజీవయ్య గారి బీఏ కూడా ఆ కాలేజీదే. అందుకే జాబితాలో పేరు పక్కన 'చదివిన తరగతి', 'చేరిన ఏడాది', 'విడిచిన ఏడాది' అని మూడు గడులు పెట్టండి. మూడూ నిండని పేరు బోర్డు ఎక్కకూడదు. పాఠం చెప్పినవాళ్ళకు వేరే జాబితా తప్పకుండా ఉండాలి. పుట్టపర్తి నారాయణాచార్యులు గారిలాంటి కవి ప్రొద్దుటూరు, కడప బళ్ళలో తెలుగు పండితులుగా పనిచేశారంటే, ఆ బళ్ళ చరిత్రలో అది ఏ మంత్రి పేరుకూ తీసిపోదు.

రిజిస్టరులో పేరు దొరకకపోవడానికి మామూలు కారణం, అది మనం పిలిచే రూపంలో లేకపోవడం. మద్రాసు కాలపు రిజిస్టర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంటిపేరు పొడి అక్షరమే రాస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. సుబ్బయ్య అనే పేరును ఒక గుమాస్తా ఒక స్పెల్లింగుతో, ఇంకో గుమాస్తా ఇంకో స్పెల్లింగుతో రాసి ఉంటారు. కాబట్టి తండ్రి పేరు, అంతకుముందు చదివిన బడి కూడా కలిస్తేనే మనిషి కలిసినట్టు.

పాతబస్తీ బడి అన్నారు కాబట్టి 2009 అక్టోబరు వరద నీళ్ళు రికార్డుల గదిలోకి వచ్చాయేమో ముందే అడిగి తెలుసుకోండి. తడిసి ఆరిన పుస్తకాల్లో ఆకులు అంటుకుపోయి ఉంటాయి. గోరుతో లేపబోతే సిరా ఉన్న పొర అవతలి పేజీకి అంటుకుని వస్తుంది, ఇక ఆ పేర్లు శాశ్వతంగా పోయినట్టే. వాటిని పక్కన పెట్టి, కాగితాల సంరక్షణ తెలిసినవాళ్ళకే అప్పగించండి. చెమ్మ మాత్రమే ఉన్నవాటికి పది ఆకులకొకటి చొప్పున తెల్లని బ్లాటింగ్ పేపరు పెట్టి, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా అంటుతుంది. ఎండలో పెడితే అట్ట వంకరపోయి ఆకులు పెళుసుబారతాయి. చినిగినచోట సెల్లోటేపు వేయొద్దు, కొన్నేళ్ళకు పసుపు పచ్చని జిగురు మరక ఒక్కటే మిగులుతుంది. లామినేషన్ మాట ఎత్తకండి. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పుస్తకానికి సమాంతరంగా పట్టి ఒక్కో పేజీ ఫొటో తీసి, పుస్తకం నంబరు, పేజీ నంబరు కలిపి ఫైలుకు పేరు పెట్టండి. వెలిసిన సిరా అయితే ఫొటోను నలుపు-తెలుపులోకి మార్చి కాంట్రాస్టు పెంచితే చాలావరకు చదవొచ్చు.

రిజిస్టరు చూడటానికి సంఘం లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టరుకు అర్జీ ఇవ్వండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఎంతమంది వస్తారు, ఏ రోజుల్లో అన్నది రాయండి. పదో తరగతి పరీక్షల కాలంలోనూ, అడ్మిషన్ల జూన్‌లోనూ అడగొద్దు, ఆఫీసులో ఊపిరాడని పని ఉంటుంది. పుస్తకం గది దాటకూడదు. సమాచార హక్కు అర్జీని బడిని పెంచిన ఉత్తర్వుల నకళ్ళ కోసం వాడండి. విద్యార్థుల వివరాలకు వాడితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే వీలుంది. రిజిస్టరులో కులం, పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి కాబట్టి పేజీల ఫొటోలు గ్రూపులో పెట్టకండి, కావలసిన వరుసను విడిగా రాసుకోండి. బతికున్నవాళ్ళ పేరు వేసేముందు వాళ్ళను అడగండి.

గ్రూపు ఫొటోల కోసం రిటైరైన సార్ల ఇళ్ళకు వెళ్ళండి. పాత ఫొటోల్లో ముందు వరుస పిల్లవాడి చేతిలో పలక, దాని మీద సుద్దతో తరగతి, ఏడాది ఉంటాయి. అట్ట మీద 'కూర్చున్నవారు ఎడమ నుంచి' అని పేర్లుంటే వాటిని అక్కడే రాసుకోండి. ఫొటో తీసుకెళ్ళి ఫ్రేము మార్పిస్తే పేర్లున్న ఆ అట్టే ముందు చెత్తబుట్టలోకి పోతుంది.

బోర్డు గ్రానైటుదైతే ఇప్పటికి తేలిన పేర్లే చెక్కించి, కింద మూడో వంతు ఖాళీ వదలమని శిల్పికి ముందే చెప్పండి.