ముంబై ఇంటర్వ్యూకి ముందు, బుజ్జికి

బుజ్జీ,

అమెరికా గ్రీన్‌కార్డు క్యూలో నీ డేట్ కదిలిందని నువ్వు చెప్పిన గంటకే మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, పన్నెండేళ్లు కాచుకుని కూచుంది, ఇప్పుడు వస్తే దానికి నిద్ర పట్టట్లేదట, నువ్వే ఏదో చెప్పు" అంది. ఫోన్లో చెబితే సగం పోతుంది, రాస్తే మళ్లీ మళ్లీ చూసుకుంటావని కూర్చున్నాను. కాస్త పొడుగు ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

ముందే ఒక మాట. నేను 2006లో వచ్చినదాన్ని. వాడకుండా మిగిలిపోయిన పాత వీసాల్లోంచి 50,000 తీసి నర్సులకీ ఫిజియోథెరపిస్టులకీ పక్కన పెట్టమని 2005లో ఇక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి దూరినదాన్ని, ఏడాదిన్నరలో పనైపోయింది. అందుకని "పెద్దమ్మకి అంత సులువుగా వచ్చింది కదా" అని పోల్చుకోకు. ఉద్యోగాల మీద వచ్చేవాళ్లకి ఏడాదికి 1,40,000 వీసాలు. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఆ లెక్కలోనే. పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడు శాతం దాటకూడదు. మనవైపు క్యూ చూస్తే తిరుపతి ధర్మదర్శనం నయం. నర్సులు షెడ్యూల్ ఏ అనే కొరత ఉద్యోగాల జాబితా కింద వస్తారు కాబట్టి, ఆ పనికి అమెరికాలో మనుషులు దొరకట్లేదని ఆసుపత్రి నిరూపించే లేబర్ సర్టిఫికేషన్ గోల తప్పింది గానీ, క్యూ తప్పలేదు.

ఇన్నేళ్ల తర్వాత డేట్ వచ్చిందంటే మొదట చూసుకోవాల్సింది ఇంటర్వ్యూ కాదు, 2013 నాటి కాగితాల్లో ఇప్పుడు ఎన్ని బతికున్నాయన్నది. అప్పుడు నీకోసం పిటిషన్ వేసిన అమెరికా ఆసుపత్రి చేతులు మారిందన్నావు. కొత్త యాజమాన్యం నీకు ఉద్యోగం ఇస్తామని ఇప్పటికీ అంటోందా? పాత ఐ-140, అంటే ఆ పిటిషన్, సరిపోతుందా, వాళ్లు కొత్తది వేయాలా? ఇది లాయర్ని అడిగి, జవాబు మెయిల్లో రాయించుకో. కొత్తది వేసినా మామూలుగా నీ పాత ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నీ చోటు, నీతోనే వస్తుంది, ఆ భయం పెట్టుకోకు. ఈమధ్య తేదీతో ఆఫర్ లెటర్ కూడా తెప్పించుకో. జీతం, హోదా, పనిచేసే ఊరు అందులో స్పష్టంగా ఉండాలి. రెండోది వీసాస్క్రీన్ సర్టిఫికెట్, అంటే నీ నర్సింగ్ చదువు, లైసెన్సు, ఇంగ్లిష్ సరిపోతాయని ఇచ్చే కాగితం. దాని ఆయుష్షు ఐదేళ్లు. నీది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. వీసా ఇచ్చే రోజుకి అది బతికుండాలి కాబట్టి రెన్యువల్‌కి ఈ వారమే పెట్టు.

ఇక ఎన్‌వీసీ, అంటే నేషనల్ వీసా సెంటర్, ఇంటర్వ్యూకి ముందు ఫీజు, కాగితాలు తీసుకునే అమెరికా ఆఫీసు. వాళ్ల దగ్గర్నుంచి వచ్చే మెయిల్‌ని పెళ్లి శుభలేఖలా చూడాలి. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిందని నోటీసు వచ్చాక ఏడాదిలోగా మనం కదలకపోతే కేసు మూసేయొచ్చు. నాతో నర్సింగ్ చదివిన ఒకావిడ కేసులో ఏజెంట్ తన మెయిల్ ఐడీ ఇచ్చుకున్నాడు. తర్వాత ఆ ఆఫీసు ఎత్తేశాడు. నోటీసులు ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. ఆవిడకి తెలిసేసరికి ఏడాది దాటింది. కాబట్టి కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు నీ దగ్గర ఉండాలి, నువ్వే లాగిన్ అయి చూసుకోవాలి. లాయర్ చూస్తున్నాడులే అని ఊరుకోకు.

వీసా ఫీజు మనిషికి 345 డాలర్లు, మీ నలుగురికీ కలిపి 1,380. అది అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి, మన కార్డులు పనిచేయవు. ఆసుపత్రి కడుతుందో లేదో ఒప్పందంలో చూడు. కట్టకపోతే నా ఖాతా ఉంది, మొహమాటపడకు. ఒప్పందం అన్నాను కాబట్టి గుర్తొచ్చింది: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలన్న కాలమ్ చదవకుండా సంతకం చేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. అది నాకు పంపు.

పిటిషన్ వేసినప్పుడు నీకు పెళ్లి కాలేదు. ఇప్పుడు అల్లుడుగారు, ఇద్దరు పిల్లలు ఉన్నారని ఎన్‌వీసీకి చెప్పి కేసులో చేర్పించాలి. నువ్వు అమెరికాలో అడుగుపెట్టకముందే జరిగిన పెళ్లి కాబట్టి వాళ్లు నీ వెంటే రావచ్చు. ఒక్కొక్కరికీ విడిగా డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపాలి.

ఆ ఫారం దగ్గరే అసలు పని. పదహారో ఏడు నుంచి ఉన్న ప్రతి చిరునామా అడుగుతుంది. నర్సింగ్ హాస్టల్, గుంటూరులో పేయింగ్ గెస్ట్‌గా ఉన్న గది, కువైట్ క్వార్టర్స్ అన్నీ. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా. ఒక నోట్‌బుక్ తీసుకుని ముందు చేత్తో రాసుకో, నెలలతో సహా. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇప్పించమంటావా అని అడిగిన చోట అవునని పెట్టు, వచ్చాక ఒక తిరుగుడు తగ్గుతుంది.

ఇంకోటి, 2017లో అల్లుడుగారికి హైదరాబాద్‌లో విజిటర్ వీసా రాలేదు కదా. "అది చిన్న విషయం, రాయకపోయినా ఫర్లేదు" అని కన్సల్టెన్సీ అబ్బాయి చెప్పాడని మీ అమ్మ అంది. ఆ అబ్బాయి దగ్గరికి మళ్లీ వెళ్లకు. రాకపోవడం తప్పు కాదు, రోజూ వందలమందికి రాదు. దాచడం తప్పు. ఆ రికార్డు వాళ్ల కంప్యూటర్లోనే ఉంది, ఆయన వేలిముద్రలతో సహా. అబద్ధమాడి వీసా సంపాదించబోయారని తేల్చితే జీవితాంతం గుమ్మం మూసుకుపోతుంది. ఏ ఏడు, ఎక్కడ, ఏ వీసా, రాలేదు అని ఒక్క లైను రాయండి, చాలు.

ఇప్పుడు మన తెలుగువాళ్ల తద్దినం, పేర్లు. నీ టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో పెళ్లయ్యాక అత్తారి ఇంటిపేరు. మీ నాన్న పేరు ఒకచోట 'రావు'తో, ఇంకోచోట 'రావు' లేకుండా. మనకి ఇవన్నీ ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. కిటికీ అవతల కూర్చున్న అమెరికా ఆఫీసరుకి నాలుగు పేర్లు, నలుగురు మనుషులు. ఒక రాత్రి అన్ని కాగితాలూ మంచం మీద పరిచి, ప్రతిదాంట్లో నీ పేరు, పుట్టినరోజు, అమ్మానాన్నల పేర్లు ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం పక్కపక్కన రాసుకో. తేడా ఉన్న ప్రతి పేరునీ ఫారంలో 'ఇతర పేర్లు' అన్నచోట ఎక్కించు. అవన్నీ నువ్వేనని నోటరీ దగ్గర 'వన్ అండ్ ది సేమ్' అఫిడవిట్ ఒకటి చేయించు.

నీ బర్త్ సర్టిఫికెట్ ఇంకో కథ. నువ్వు పుట్టింది 1990 మేలో, తుఫాను వారంలో. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే రోడ్డు మీద తాటిచెట్లు అడ్డం పడున్నాయి. అప్పుడు నేను నర్సింగ్ రెండో సంవత్సరం, సెలవులకి వచ్చి ఇంట్లో చిక్కుకుపోయాను. లాంతరు నేను పట్టుకుంటే మంత్రసాని బొడ్డు కోసింది. నువ్వు ఏడవడానికి కాస్త టైము తీసుకున్నావు, నాకు చేతులు వణికాయి. ఆ హడావుడిలో పంచాయతీలో రాయించాలని ఎవరికి గుర్తుంటుంది? నువ్వు స్కూల్లో చేరేటప్పుడు తాతయ్య వెళ్లి రాయించాడు.

అలా ఆలస్యంగా రిజిస్టరైన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, ఇంకేముంది చూపించు అంటారు. అందుకని టెన్త్ సర్టిఫికెట్‌తో పాటు రెండు అఫిడవిట్లు సిద్ధంగా ఉంచుకో. నీకంటే పెద్దవాళ్లు, నీ పుట్టుక సంగతి స్వయంగా తెలిసినవాళ్లు ఇవ్వాలి. ఒకటి మీ అమ్మ ఇస్తుంది, రెండోది నేనిస్తాను. అందులో మా పూర్తి పేరు, చిరునామా, మా పుట్టినతేదీ, నీకు ఏమవుతామో, నువ్వు ఎప్పుడు ఎక్కడ పుట్టావో, అమ్మానాన్నలెవరో, ఆ సంగతి మాకెలా తెలుసో ఉండాలి. 'ఎలా తెలుసు' అన్నదే చాలామంది వదిలేస్తారు. నేనైతే లాంతరు సంగతి కూడా రాస్తాను. తెలుగులో ఉన్న కాగితం దేనికైనా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. అనువదించినవాళ్లు తమకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరిగ్గా ఉందనీ సంతకం పెట్టాలి.

పోలీసు సర్టిఫికెట్లు: ఇండియాది పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి, నీకూ అల్లుడుగారికీ. పిల్లలకి పదహారు నిండలేదు కాబట్టి అక్కర్లేదు. కువైట్లో నువ్వు మూడేళ్లున్నావు, అక్కడిదీ కావాలి. పదహారు దాటాక వేరే దేశంలో పన్నెండు నెలలున్న ప్రతివాళ్లకీ అది తప్పదు. అల్లుడుగారు ఎనిమిది నెలలే ఉన్నారు కాబట్టి ఆయనకి అవసరం రాదు. కువైట్‌ది ఎలా తెప్పించాలో అమెరికా విదేశాంగ శాఖ సైట్లో దేశాలవారీగా రాసి ఉంటుంది, దాన్నే నమ్ము. అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే, దాంతోనే మొదలుపెట్టు.

అన్నీ చూసి ఎన్‌వీసీ సరేనన్నాక ఇంటర్వ్యూ ముంబైలో పడుతుంది. హైదరాబాద్‌లో కాన్సులేట్ పెట్టుకుని ముంబై ఎందుకని అడిగావు. మన ఇమిగ్రెంట్ వీసాల పని అక్కడ చూస్తారు, అంతే. ఇంటర్వ్యూకి ముందే వీసా దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. మెడికల్ కూడా ముందే, వాళ్లు ఒప్పుకున్న ప్యానెల్ డాక్టరు దగ్గరే. మీ ఆసుపత్రి డాక్టరు ఎంత గొప్పవాడైనా ఆయన రిపోర్టు చెల్లదు.

మెడికల్ సంగతి నర్సుకి నర్సుగా చెబుతాను. పెద్దవాళ్లకి ఛాతీ ఎక్స్‌రే, పిల్లలకి టీబీ రక్తపరీక్ష ఉంటాయి. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం మూడుసార్లు తీసి కల్చర్ పెడతారు, అది తేలడానికి ఎనిమిది వారాలు. కాబట్టి విమానం టికెట్ల జోలికి ఇప్పుడే వెళ్లకు. పిల్లల టీకా కార్డులు వెతికి పెట్టు. చికెన్‌పాక్స్ మన ప్రభుత్వ టీకాల్లో లేదు, వేయించావో లేదో చూసుకో. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ముందే వేయిస్తే టీబీ రక్తపరీక్షకి నాలుగు వారాల ఎడం ఉండేలా చూడు. ఎవరికైనా ఒకప్పుడు టీబీ మందులు వాడిన చరిత్ర ఉంటే ఆ పాత చీటీలు చూపించండి.

ఇంటర్వ్యూ గురించి నువ్వు అడిగిందంతా నిజానికి ఐదు నిమిషాల వ్యవహారం. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో కాన్సులేట్. ఫోన్ లోపలికి రానివ్వరు, హోటల్లో పెట్టి వెళ్లండి. ఒరిజినళ్లు ఒక ఫైలు, జిరాక్సులు ఒక ఫైలు. కిటికీ దగ్గర నిలబడి కుడిచెయ్యెత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయాలి. ఆ తర్వాత ఏ ఆసుపత్రి, ఏ వార్డు, జీతమెంత, ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎప్పుడు పాసయ్యావు, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నావు, ఇలాంటివే. విజిటర్ వీసాకి వెళ్లొచ్చినవాళ్లు సలహాలిస్తారు, ఇల్లుంది పొలముంది తిరిగొచ్చేస్తామని చెప్పమంటారు. ఆ మాటలు ఇక్కడ పనికిరావు. ఇది ఉండిపోవడానికి ఇచ్చే వీసా. అక్కడ ఉండి పనిచేయడానికే వెళ్తున్నామని హాయిగా చెప్పొచ్చు.

నన్నేం అడిగారో చెబితే నవ్వుతావు. వారం రోజులు వెంటిలేటర్ సెట్టింగులు బట్టీ పట్టి వెళ్లాను. ఆయన మొదటి ప్రశ్న, "మీ భర్త పేరేంటి?" పదిహేనేళ్ల కాపురంలో మీ పెదనాన్న పేరు నోటితో పలికింది లేదు. నోరు తెరిచి ఆగిపోయాను. ఆయన తలెత్తి చూశాడు. పక్కనున్న మీ పెదనాన్న తనే చెప్పేయబోతే "మిమ్మల్ని కాదు, ఆవిడని అడిగాను" అన్నాడు. చెమటలు పట్టాయి. ఎలాగో చెప్పాను, అదీ గొణిగినట్టు. దొంగ పెళ్లనుకుని ఉంటాడని బయటికొచ్చి ఏడ్చాను. నువ్వు ఆయన్ని పేరుపెట్టి పిలుస్తావు కాబట్టి ఆ గండం లేదులే. కానీ పెళ్లి తేదీ, పిల్లల పుట్టినరోజులు అల్లుడుగార్ని ఒకసారి చెప్పించు. మగవాళ్లు అక్కడ తడబడతారు. అడిగినదానికే జవాబు చెప్పు. తెలియకపోతే తెలియదను.

ఏదైనా కాగితం తక్కువైతే 221(జి) అని ఒక చీటీ ఇస్తారు. అది చూసి కుప్పకూలిపోకు. చాలాసార్లు దానర్థం ఫలానా కాగితం తెమ్మనే. అడిగింది, అడిగిన పద్ధతిలో, త్వరగా ఇవ్వు. ఏడాది దాటనివ్వకు. ఇంకోటి, అన్నీ బాగున్నా ఆ నెలలో నీ డేట్ మళ్లీ వెనక్కి జరిగితే వీసా చేతికివ్వరు, ఆగాలి. అందుకే పాస్‌పోర్టులో వీసా కళ్లతో చూసేదాకా ఉద్యోగానికి రాజీనామా వద్దు, ఫ్లాటు అమ్మకం వద్దు, పిల్లల టీసీలు వద్దు.

వీసా ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలుంటుంది, మెడికల్ తేదీని బట్టి తగ్గొచ్చు కూడా. బయల్దేరేముందు మనిషికి 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్లో కట్టేయండి, గ్రీన్‌కార్డు అచ్చయ్యేది దాంతోనే. ఇంటి చిరునామా మాది ఇవ్వు, కార్డులు పోస్టులో ఇక్కడికే వస్తాయి. అవి వచ్చేలోగా పాస్‌పోర్టులో పడిన ముద్రే ఏడాదిపాటు గ్రీన్‌కార్డు కింద చెల్లుతుంది. నువ్వు ముందైనా రావాలి, లేదా నలుగురూ కలిసి రావాలి. నిన్ను వదిలి వాళ్లు ముందు దిగడానికి లేదు. సీల్ వేసిన కవరు ఇస్తే విప్పొద్దు. ఎక్స్‌రే సీడీ ఇస్తే చేతిసంచిలో పెట్టుకో, పెద్ద పెట్టెలో పడేయకు.

మీ అమ్మ బీరువాలో పై అరలో, పాత పట్టుచీరల కింద ఒక పచ్చ ఫైలుంటుంది. నా కేసుకి అమ్మమ్మ ఇచ్చిన అఫిడవిట్ కాపీ అందులోనే పెట్టి వచ్చాను. వేలిముద్ర వేసింది, చూస్తే గుర్తుపడతావు. అది ఫొటో తీసి ఇవాళే పంపమను, నీకివ్వాల్సింది ఆ నమూనాలోనే రాయిస్తాను.

మీ పెద్దమ్మ