ఇంట్లోనే ఉండేవాళ్లకి మంచి అలవాట్లు నిలబడాలంటే ఏం చేయాలి?

డిగ్రీ అయిపోయి ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్నానని, లేచేసరికి తొమ్మిదవుతోందని, ఎన్ని టైంటేబుళ్లు రాసుకున్నా వారం కూడా నిలబడట్లేదని అడిగారు. నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని అంతకన్నా కాను. పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని కొట్లవాళ్ల లెక్కలు రాసుకునే మనిషిని. నా మీద పనిచేసింది చెబుతాను.

2020 మార్చిలో నాలుగు రోజులుండి పోదామని రెండు జతల బట్టలతో విశాఖ నుంచి ఇంటికొచ్చాను. 25న లాక్‌డౌన్ పడింది. మాది ఒడిశాలో గజపతి జిల్లా, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. అక్కడి నీలమణి దుర్గమ్మ గుడికి ఊసుపోనప్పుడల్లా వెళ్లొచ్చేవాళ్లం. అలాంటిది అటు అడుగు పెట్టడానికి లేకపోయింది. తర్వాత విశాఖ ఉద్యోగం కూడా పోయింది, నేను ఇక్కడే ఉండిపోయాను.

మొదటి నెల రోజులు నిద్ర, ఫోను, తిండి. తర్వాత సిగ్గేసి ఒక డ్రాయింగ్ షీటు కొని స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీశాను. 5-00 ధ్యానం, 5-30 వ్యాయామం, 6-30 ఇంగ్లీషు, అలా రాత్రి పది దాకా. తలుపు వెనకాల అంటించాను. అలారానికి నేను లేవలేదు గానీ పక్కగదిలో అమ్మ లేచేది. నాలుగో రోజు పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చింది. "ఏట్రా, రాత్రంతా నువ్వు ఫోను సూసి, తెల్లారగట్ల నన్ను లేపతావు?" అంది. టైంటేబుల్ కథ అంతటితో సరి. ఆరంభశూరులని మనవాళ్లని ఊరికే అనలేదు, రాష్ట్రం మారినా ఆ గుణం పోలేదు. ఆ షీటు వంటింటి అలమరలో ఊరగాయ జాడీల కింద పరిచేసింది అమ్మ. ఇప్పటికీ ఆవకాయ జాడీ తీస్తే నూనె మరకలో "5-00 ధ్యానం" కనబడుతుంది.

దారి దొరికింది కుళాయి దగ్గర. మా వీధికి పొద్దున్నే ముప్పావుగంట నీళ్లొస్తాయి. అన్నాళ్లూ బిందెలు నాన్నే మోసేవారు. మోకాళ్ల నొప్పి ఎక్కువయ్యేసరికి ఆ పని నా మీద పడింది. కుళాయి నా కోసం ఆగదు కదా, లేవక తప్పేది కాదు. తొమ్మిది బిందెలు, రెండు బకెట్లు. ఆఖరి బిందె గట్టు మీద పెట్టేసరికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది, నిద్ర ఎటూ పోతుంది. ఒకరోజు తడిసిన లుంగీ మార్చుకుని అటునుంచి అటే మహేంద్రతనయ ఏటి ఒడ్డు దాకా నడిచి వచ్చాను. మర్నాడూ అంతే. అప్పటినుంచి నా నడకకి టైము లేదు, "ఆఖరి బిందె తర్వాత" అన్నదే లెక్క. వెళ్దామా వద్దా అని మనసుతో బేరం పెట్టుకునే సందు దొరకదు. అరగంట నడక, వారంలో ఐదారు రోజులు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది దాంతోనే తీరిపోతుంది, జిమ్ముకి పోనక్కర్లేదు.

దీన్లోనూ ఒక చిక్కుంది. మోటారు కాలిపోయో పైపు పగిలో నీళ్లు రాని రోజున నేనూ లేచేవాణ్ణి కాదు. అందుకని కుళాయి రాకపోతే పాలవాడి సైకిల్ బెల్లు అని ఇంకోటి పెట్టుకున్నాను.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. కొత్త అలవాటుని గడియారానికి కట్టకండి, ఇంట్లో మీరున్నా లేకపోయినా రోజూ జరిగిపోయే పనికి తగిలించండి. 21 రోజుల్లో అలవాటైపోతుందని అందరూ అంటారు చూడండి, అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషనయ్యాక రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు, అంతే. కనీసం అన్నది జారిపోయి, 21 మిగిలింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కరు ఒకే కొత్త పని ఎంచుకుని, టిఫిన్ తర్వాతో మరొక రోజువారీ పని తర్వాతో చేయాలి. తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టం లేదనీ తేలింది. నాకు ఈ ఆఖరి ముక్కే ఎక్కువ పనికొచ్చింది. ఒక రోజు తప్పితే చాలు, మొత్తం పోయిందని చేతులెత్తేసే రకం నేను.

ఫోను గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఛార్జరు హాల్లో దేవుడి గూడు కింద ప్లగ్గుకి మార్చి, గదిలోకి మామూలు అలారం గడియారం కొనుక్కున్నాను. అక్కడ నిలబడి రీల్స్ చూస్తుంటే పైనుంచి వెంకటేశ్వరస్వామి చూస్తున్నట్టుంటుంది.

పనికి మాత్రం గట్టిగానే తిప్పలు పడ్డాను. పడుకునే మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుంటే రెండో బిల్లుకే కళ్లు మూతలు పడేవి. పైగా ఇంట్లో ఉన్నోడు ఖాళీగా ఉన్నట్టే లెక్క. చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెట్టు, గేసు వాడొచ్చాడు చూడు, ఇలా. వీధిగదిలోకి బల్ల మార్చి, పని వేళలో లుంగీ తీసి ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లోనే ఉంటూ ప్యాంటేంటని నవ్వారు. నెల తిరిగేసరికి "ఆడు ప్యాంటేసుకున్నాడు, పిలవకు" అని అమ్మే నాన్నతో అనడం విన్నాను. పాతిక నిమిషాలకోసారి టైమర్ పెట్టుకునే పద్ధతి కూడా చూశాను, నాకు సరిపడలేదు, టైమర్ ఆపడానికి ఫోను పట్టుకుంటే మళ్లీ అదే గొడవ. ఒక కొట్టు బిల్లుల కట్ట అయితే లేచి తిరిగొస్తాను, అంతే. నెలనెలా కొట్లవాళ్ల జీఎస్టీ రిటర్నులు, 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బీ, వెయ్యాలి కాబట్టి ఆ తేదీలే నాకు పై అధికారులు.

తిండి సంగతీ ఒక మాట. ఇక్కడ ఎండాకాలమంటే పఖాళం, మన చద్దన్నమే అనుకోండి, పెరుగు, ఉల్లిపాయ, వడియాలతో. దానికి మార్చి 20న ఒక దినం కూడా జరుపుతారు ఒడియావాళ్లు. మధ్యాహ్నం అది తింటే నాలుగింటి దాకా లేచేది లేదు. మానేయడం నా వల్ల కాదు గనక పొద్దున్నకి మార్చాను, మా మామ్మ వాళ్లు తినింది కూడా పొద్దున్నే, తిని పొలానికి పోయేవారు. మధ్యాహ్నం కునుకు మంచం మీద కాకుండా పడక్కుర్చీలో తీస్తాను. మెడ పట్టేసి ఇరవై నిమిషాలకి అదే లేపుతుంది.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైన అలవాటు సాయంత్రం టీకి తగిలించుకున్నది. నేను తెలుగు మీడియం వాణ్ణి. ఒడియా మాట్లాడతాను గానీ చదవడం రాదు, ముప్పై ఏళ్లొచ్చినా ఆఫీసు కాగితం పట్టుకుని ఎవరినో బతిమాలాల్సి వచ్చేది. ఎదురింటి మావుసి, అంటే ఒడియాలో పిన్ని, రోజూ టీ వేళకి పాన్ డబ్బా పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంది. ఆమెకి చూపు ఆనదు, పేపరు చదివిపెట్టమని అడిగింది. అక్షరాలు కూడబలుక్కుంటూ రోజుకో వార్త మొదలుపెట్టాను. అక్షరాల నెత్తిన అన్నిటికీ ఒకేలాంటి గొడుగు, కింద ఉన్న చిన్న వంపుని బట్టి పోల్చుకోవాలి. నేను "గజపతి" అంటే మావుసి ఆకు నములుతూనే "గొజొపొతి" అని దిద్దేది. మొదటి వార్తకి అరగంట పట్టింది, అదీ ఏనుగులు పొలాల్లో పడ్డ నాలుగు వాక్యాల కబురు. ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. నేను ఎదురింటి భాషలో పేపరు చదవలేకపోతే ఎలా అని పంతం పట్టాను. బద్ధకించిన రోజున ఆమె గేటు దగ్గర్నుంచే "ఆజి పొఢిబు నాహి?" అని కేకేస్తుంది, ఇవాళ చదవవా అని. కుళాయి కన్నా గట్టి అలారం అది. ఇప్పుడు ఆఫీసు కాగితాలు నేనే చదువుకుంటున్నాను, మావుసికి మాత్రం నా ఉచ్చారణ ఇంకా నచ్చదు.

అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. నాకు నడక కుదిరాక మూడు నెలలకి గానీ ఒడియా మొదలవలేదు. పోయిన నెల జ్వరమొచ్చి తొమ్మిది రోజులు నడక మానేశాను, పదో రోజు మళ్లీ బిందెలు పట్టాను. మీ ఇంట్లో కుళాయి ఎప్పుడొస్తుంది, పాలు ఎవరు తెస్తారు, సాయంత్రం టీకి ఎవరొస్తారు? అవి రాయండి, ఏ పనికి ఏది తగిలించొచ్చో చూద్దాం.