ఆడని ఆటలకి అద్దె కడుతున్నారు, మాస్టారూ

పర్లాకిమిడి నుంచి ఒక మాస్టారు రాశారు. పేరు వేయొద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు, జీతం 38,000. భార్య ఇంట్లోనే బట్టలు కుడతారు, నెలకి ఆరేడు వేలు వస్తాయి. పాపకి ఆరేళ్లు. 2015 నుంచి ఆయన పాత వీడియో గేములు పోగేస్తున్నారు. ఇప్పటికి 11 మెషీన్లు, 160 క్యాసెట్లు, 210 సీడీలు, రెండు డబ్బా టీవీలు అయ్యాయి. డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం వీటికి పెట్టింది 2,90,000. వీటికోసమే రెండు గదుల ఇల్లు వదిలి మూడు గదుల పోర్షన్‌కి మారారు, అద్దె 6,000 నుంచి 8,500 అయింది. క్రెడిట్ కార్డు మీద 64,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం మాత్రమే కడుతున్నారు.

ఆయన ప్రశ్న ఆయన మాటల్లోనే: “పోయిన ఏడాది మొత్తం మీద ఆడినవి తొమ్మిది ఆటలు. ఆదివారం వస్తే సర్దడం, తుడవడం, లిస్టు రాయడం, కొత్తవి వెతకడం. ఆడటానికి టైం మిగలదు. తగ్గించుకుని, ఉన్నవి హాయిగా ఆడుకోవాలని ఉంది. కానీ రేపు ధర పెరుగుతుందేమో, ఇది కూడా ఒక పెట్టుబడే కదా అని చెయ్యి ఆగిపోతోంది. ఇంకొకటి. చిన్నప్పుడు మా నాన్న బరంపురంలో కొనిపెట్టిన కాంట్రా క్యాసెట్ ఇప్పుడు పనిచేయట్లేదు. దాన్ని ఏం చేయాలి?”

మాస్టారూ, అమ్మండి. అన్నీ కాదు, కానీ చాలావరకు. ఎందుకో మీ సబ్జెక్టులోనే చెబుతాను.

కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకి అటూ ఇటూగా అంతే ఉంటుంది. 64,000 మీద 2,240. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 403. అంటే నెలకి 2,643. అదనపు గదికి ఇస్తున్నది 2,500. రెండూ కలిపితే నెలకి 5,143, ఏడాదికి దాదాపు 62,000. మీరు ఒక్క కొత్త క్యాసెట్ కొనకపోయినా, ఒక్క ఆట ఆడకపోయినా పోతున్న డబ్బు ఇది. మీ సామాను మీరు పెట్టిన 2,90,000 చేస్తుందనుకున్నా, ఈ నష్టం పూడాలంటే దాని విలువ ఏటా ఐదో వంతుకి పైగా పెరుగుతూ పోవాలి. అలా పెరిగే వస్తువు మీ గదిలో ఉందా?

ధర పెరుగుతుందన్న ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్ 6,60,000 డాలర్లకి వేలంలో పోయింది. అదే ఏడాది జులైలో సూపర్ మారియో 64 ఏకంగా 15,60,000 డాలర్లు పలికింది. ఆ వార్త చూశాక పాత క్యాసెట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ గుండె ఒకసారి లబ్‌డబ్ మంది. కానీ అవి సీలు విప్పనివి. ఒక సంస్థ పరీక్షించి, గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవి. మీవి విప్పినవి, ఆడినవి, చాలావాటికి అట్టపెట్టె కూడా లేదని మీరే రాశారు. పైగా మన వైపు తొంభైల్లో దొరికినవి ఎక్కువగా మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చినవి. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చిన ఫ్యామికామ్ మెషీన్ పద్ధతిలో తయారైన సెట్లు అవి. వాటి క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికాలో అమ్మిన నింటెండో క్యాసెట్‌కి 72. ఇక్కడిది అక్కడి మెషీన్‌లో నేరుగా పట్టదు. “9999 ఇన్ 1” అని రాసి ఉన్న క్యాసెట్ మీకూ నాకూ ప్రాణమే కానీ విదేశీ కలెక్టరు దానికోసం డబ్బు పట్టుకుని కూర్చోడు.

ఇంకో సంగతి, మన వాతావరణం. బంగారాన్ని బీరువాలో పెడితే ఇరవై ఏళ్లయినా బంగారమే. క్యాసెట్ అలా కాదు. మీరే రాశారు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా మీద విరుచుకుపడ్డప్పుడు కింద అరలో ఉన్న ఒక పెట్టె నిండా క్యాసెట్లు నీళ్లలో నాని పోయాయని. తుఫాను రాకపోయినా నెమ్మే చాలు. గోపాల్‌పూర్‌లో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక క్లయింటు ఇంట్లో నేను కళ్లారా చూశాను. అరలోంచి తీసిన క్యాసెట్ అడుగున రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టింది, గోటితో గీస్తే పొడిలా రాలింది. బయట లేబుల్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఆట ఎక్కడిదాకా ఆడామో దాచుకోవడానికి, అంటే సేవ్ కోసం, లోపల బ్యాటరీ ఉన్న క్యాసెట్ల సంగతి వేరే చెప్పాలా. పోకెమాన్ గోల్డ్ లాంటివి బటన్ సెల్ మీద బతుకుతాయి. ఇన్నేళ్లకి ఆ సెల్ అయిపోతుంది, టంకం వేసి మార్చాలి, మార్చినప్పుడు పాత సేవ్ పోతుంది. వాడకుండా దాచితే భద్రంగా ఉంటుందనుకోవడం ఈ వస్తువుల విషయంలో నిజం కాదు.

సరే, ఏది ఉంచాలి? దీనికి కూడా లెక్కే. వారానికి ఐదు గంటలు దొరుకుతాయన్నారు. ఏడాదికి 250 గంటలు అనుకోండి. మీ దగ్గర 370 ఆటలున్నాయి. ఒక్కోదానికి సగటున పది గంటలే వేసుకున్నా 3,700 గంటలు. అంటే ఇంకేమీ కొనకుండా, మధ్యలో జ్వరం కూడా రాకుండా ఆడితే దాదాపు 15 ఏళ్లు. అప్పటికి పాపకి 21. అందుకని ‘మళ్లీ ఎప్పుడైనా ఆడతానా’ అని అడగకండి, ఆ ప్రశ్నకి మనసు ఎప్పుడూ అవుననే అంటుంది. ‘వచ్చే రెండేళ్లలో ఏ సెలవుల్లో ఆడతాను’ అని అడగండి. దసరాకో, సంక్రాంతికో, వేసవికో పేరు పెట్టి చెప్పగలిగితే ఉంచండి. నా అంచనా, నలభైకి మించి నిలవవు.

మెషీన్ల విషయం ఇంకా తేలిక. ప్లేస్టేషన్ 2, అంటే పీఎస్ 2 లో మొదటి ప్లేస్టేషన్ సీడీలు కూడా ఆడతాయి, కాబట్టి మీ దగ్గరున్న మొదటి ప్లేస్టేషన్లు రెండూ అక్కర్లేదు. చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో పాత గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ క్యాసెట్లు పడతాయి, కాబట్టి అక్కడా ఒకటి చాలు. నాన్నగారి నాటి క్యాసెట్లకి బాగా పనిచేసే సెట్ ఒకటి. మూడు. డబ్బా టీవీల్లో ఒకదాన్ని ఉంచండి, తెర మీద బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. పీఎస్ 2 సీడీలు ఎక్కువ ఉన్నాయి కదా, అక్కడ మాత్రం ఆశలు తగ్గించుకోండి. 2000 నుంచి 2013 దాకా తయారైన మెషీన్ అది, ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకి పైగా అమ్ముడైంది. అంత విస్తారంగా దొరికే వాటికి అరుదైన ధర రాదు. మీ లిస్టులో ఒక్కటి పక్కన పెట్టండి: 2009 నాటి హనుమాన్: బాయ్ వారియర్. హైదరాబాద్‌లో తయారైన ఆట అది, మన దేశపు కలెక్టర్లు దాన్ని ప్రత్యేకంగా అడుగుతారు. గంపగుత్తలో కలిపేయకండి.

అమ్మే పద్ధతి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. జనం అడిగే ధర చూసి మీ ధర కట్టకండి. నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. మీ సామానులో ఒక పదిహేను వస్తువులకే అసలు విలువ ఉంటుంది. వాటిని విడివిడిగా, పనిచేస్తున్నట్టు వీడియో తీసి, లోపాలుంటే దాచకుండా చెప్పి అమ్మండి. మిగతావి కట్టలుగా ఇచ్చేయండి. ఒక్కో సీడీకి ఒక్కో బేరం ఆడుతూ కూర్చుంటే మళ్లీ మీ ఆదివారాలే పోతాయి. విశాఖలో కొనేవాళ్లు దొరికితే మెషీన్లని కొరియర్‌కి ఇవ్వడం కన్నా గుణుపూర్ - విశాఖ ప్యాసింజర్‌లో మీరే పట్టుకెళ్లడం మేలు. కళ్ల ముందే టీవీకి పెట్టి చూపిస్తారు, పేచీ ఉండదు. ఫోన్లో ఎవరైనా “డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మిలిటరీలో పనిచేస్తున్నానని ఐడీ కార్డు ఫోటో పంపినా సరే, నమ్మకండి.

పన్ను గురించి టెన్షన్ పడకండి. ఇంట్లో సొంతానికి వాడుకున్న ఇలాంటి సామాను అమ్మితే మామూలుగా క్యాపిటల్ గెయిన్స్ కిందకి రాదు. కొని లాభానికి అమ్మడం మొదలుపెడితే మాత్రం అది వ్యాపార ఆదాయం అవుతుంది, చూపించాలి.

ఎంత వస్తుంది? 2,90,000 తిరిగి వస్తుందని అనుకోవద్దు. నేను ప్లాన్ వేసేటప్పుడు 90,000 మాత్రమే వేసుకుంటాను. పైన ఎంత వచ్చినా సంతోషమే. మొదటి 64,000 నేరుగా కార్డుకి వెళ్లాలి, చేతిలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. మొత్తం కట్టేశాక కూడా తర్వాతి స్టేట్‌మెంట్‌లో కొంత వడ్డీ కనిపిస్తుంది. అది మధ్యలో పేరుకున్న రోజుల వడ్డీ. కంగారు పడకుండా అదీ కట్టేయండి. మిగిలిన 26,000 సేవింగ్స్ ఖాతాలో అత్యవసరానికి ఉంచి, నెలకి 2,500 చొప్పున లక్ష దాకా పెంచుకుంటూ పోండి. కార్డుకి కడుతున్న మినిమం ఆగిపోతుంది కాబట్టి ఇది సాధ్యమే. మీ పేరు మీద టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి తెరవండి. పాపకి పదేళ్లు నిండేలోపు తెరవాలి, మీకింకా సమయం ఉంది. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. నెలకి 2,000 చొప్పున 15 ఏళ్లు కడితే మీరు వేసింది 3,60,000 అవుతుంది. ఇదే వడ్డీ కొనసాగితే ఖాతా తెరిచిన 21 ఏళ్లకి సుమారు 11 లక్షలు చేతికొస్తాయి.

ఇక ఆ మూడో గది. రెండు గదుల ఇంటికి తిరిగి వెళ్తే 2,500 మిగులుతుంది, నిజమే. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏ మెషీన్ ఏ అరలో ఉందో అన్నీ రాశారు, ఆవిడ కుట్టుమిషను ఎక్కడుందో ఎక్కడా లేదు. హాల్లోనో, మంచం పక్కనో ఉండి ఉంటుంది. ఇల్లు మారే ముందు ఆవిడని అడగండి. ఖాళీ అయిన గదిలో మిషను, కటింగ్ బల్ల వేసుకుంటే, కొలతలివ్వడానికి వచ్చేవాళ్లకి కూర్చునే చోటుంటే, ఆరేడు వేలు తొమ్మిది పది అవడం పెద్ద కష్టం కాదు. నా ఓటు దానికే. ఆ నలభై ఆటలకి హాల్లో ఒక్క అర చాలు.

కొత్తవి కొనడం పూర్తిగా మానేయమని చెప్పను, అలా చెబితే మూడు నెల్లు కూడా నిలవదు. నెలకి 500 ఒక కవర్లో పెట్టండి. కార్డు వద్దు. కవర్లో ఉన్నదే ఖర్చు. ఒకటి కొంటే ఒకటి ఇచ్చేయాలి. కొన్నది పూర్తిగా ఆడేదాకా ఇంకొకటి వద్దు. పాత ఆటలు చాలావరకు ఇప్పుడు కంప్యూటర్ మీద అధికారికంగానే తక్కువ ధరకి వస్తున్నాయి, అరలో చోటు అడగవు.

నాన్నగారి క్యాసెట్ సంగతి. అది ఏ లెక్కలోకీ రాదు, అమ్మకండి. పోయిందని కూడా అప్పుడే అనుకోకండి. చిన్నప్పుడు మనమంతా క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టినవాళ్లమే. నోటి తడి పిన్నులకి తగిలి తగిలి ఆ ఊదడం వల్ల కూడా మడ్డి పడుతుంది. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా తీసుకోండి. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లని అందులో ముంచి, పిన్నుల మీద పై నుంచి కిందికి మెల్లగా రుద్దండి. పుల్ల నల్లబడుతుంది. పారేసి ఇంకొకటి తీసుకోండి. పుల్ల తెల్లగా వచ్చేదాకా చేసి, పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టి చూడండి. చాలాసార్లు దీనికే బొమ్మ వచ్చేస్తుంది.

వస్తే రెండో జాయ్‌స్టిక్ పాపకివ్వండి. కాంట్రా ఇద్దరు ఆడే ఆట.