గోల్ఫ్ క్లబ్ ఫిట్టింగ్‌కి డబ్బు పెట్టాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఆఫీసువాళ్లతో కలిసి ఏడాదిన్నర నుంచి గోల్ఫ్ ఆడుతున్నాను. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, కుడిచేతి వాటం. కొలీగ్ దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ సెట్ వాడుతున్నాను. ఐరన్లతో (లోహపు హెడ్ ఉండే, నంబర్లున్న క్లబ్బులు) కొడితే బంతి ఎడమకి పోతుంది, దూరం కొట్టడానికి వాడే డ్రైవర్‌తో కొడితే కుడికి వంకర తిరిగి చెట్లలో పడుతుంది. మన కొలతలకీ స్వింగ్‌కీ తగ్గట్టు క్లబ్బులు అమర్చే ఫుల్ ఫిట్టింగ్ చేయించుకుని కొత్త సెట్ తీసుకుంటే రెండూ పోతాయని షాపులో అంటున్నారు. ఆ ఖర్చు చూస్తే భయమేస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఫుల్ ఫిట్టింగ్ ఇప్పుడే వద్దండి. కానీ ఆ ఐరన్లని మీ ఒడ్డూపొడుగుకి తగ్గట్టు సరిచేయించుకునే పని మాత్రం వాయిదా వేయకండి. మీరు చెప్పినవి ఒకే జబ్బు కాదు. ఐరన్ల విషయంలో క్లబ్బుల మీదే నాకు అనుమానం, డ్రైవర్ విషయంలో తప్పు దాదాపుగా స్వింగ్‌దే.

ముందు ఐరన్ల సంగతి. షాపుల్లో దొరికే స్టాండర్డ్ సెట్ మీకంటే పొడుగువాళ్లని లెక్కలో పెట్టుకుని చేసేది. మీ చేతులు నేలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి బంతిని కొట్టే క్షణంలో క్లబ్ మడమ భాగం, అంటే హీల్, నేలకి ఆనుకుని, ముందు కొన, అంటే టో, పైకి లేస్తుంది. టో లేచిందంటే కుడిచేతి వాటం వాళ్లకి క్లబ్ ముఖం ఎడమవైపు చూస్తున్నట్టే, ఇక మీరు ఎంత చక్కగా కొట్టినా బంతి అటే పోతుంది. లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలే కోణం, ఎక్కువున్న వెడ్జుల్లో (దగ్గరి షాట్లకి వాడే క్లబ్బుల్లో) ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. క్లబ్ కర్ర, అంటే షాఫ్ట్, నేలతో చేసే ఈ కోణాన్నే లై యాంగిల్ అంటారు. నన్నడిగితే మొత్తం ఫిట్టింగ్‌లో మామూలు ఆటగాడికి నిజంగా పనికొచ్చే భాగం ఇదే, షాపుల్లో తక్కువగా మాట్లాడేదీ దీని గురించే, ఎందుకంటే దీనికి కొత్త సెట్ కొనాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

అవునో కాదో మీరే చూసుకోవచ్చు. వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద మందంగా ఒక గీత గీయండి. ఆ గీత నిలువుగా, క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేట్టు బంతిని పెట్టి 7 నంబర్ ఐరన్‌తో కొట్టండి. గీత అచ్చు క్లబ్ ముఖం మీద పడుతుంది. అది నిట్టనిలువుగా ఉంటే క్లబ్ మీకు సరిపోయినట్టు. గీత పైకొన టో వైపు వాలితే క్లబ్ మీకు మరీ నిటారుగా ఉంది, హీల్ వైపు వాలితే మరీ పడుకుని ఉంది. ఒక్క బంతితో తేల్చేయకండి, తుడిచి మళ్లీ మళ్లీ కొట్టి చూడండి. ప్రతిసారీ ఒకే వైపు వాలుతుంటే క్లబ్ సంగతి చూడాలి. ఒకసారి అటు, ఒకసారి ఇటు పడుతుంటే ఏ ఫిట్టరూ ఏమీ చేయలేడు, కోచ్ దగ్గరికి వెళ్లండి.

ఫోర్జ్‌డ్, అంటే లోహాన్ని కొట్టి మలిచిన ఐరన్లయితే మెషీన్‌లో బిగించి ఒకటి రెండు డిగ్రీలు వంచేస్తారు, క్లబ్‌కి నిమిషాల పని. పోత పోసినవి గట్టిగా ఉంటాయి, కొన్ని వంగవు, విరిగే ప్రమాదమూ ఉంది, ముందే అడిగి చేయించండి. మీ సెట్ పింగ్ కంపెనీది అయితే ప్రతి ఐరన్ మీదా చిన్న రంగు చుక్క ఉంటుంది. నలుపు స్టాండర్డ్, నీలం, ఆకుపచ్చ అయితే నిటారువి, ఎరుపు, ఆరెంజ్ అయితే పడుకున్నవి. మీ కొలీగ్ పొడగరి అయి, చుక్క ఆకుపచ్చది అయితే మీ బంతి ఎడమకి ఎందుకు పోతోందో అక్కడే తెలిసిపోతుంది.

స్టాండర్డ్ అనే మాటకి మరీ విలువివ్వకండి. మామూలుగా నంబరుని బట్టి పొడుగు మారే ఐరన్లన్నిటినీ అమెరికన్ గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో ఒకే పొడుగులో చేయించుకుని యూఎస్ ఓపెన్ గెలిచాడు.

ఇక డ్రైవర్. బంతి కుడికి వంకర తిరుగుతోందంటే, క్లబ్ కదిలే దారితో పోలిస్తే దాని ముఖం కుడికి తెరుచుకుని ఉందన్నమాట. లాఫ్ట్ పెంచితే, ఎడమకి మొగ్గే రకం హెడ్ పెడితే వంకర కొంత తగ్గుతుంది, పోదు. ఆ ఫిట్టింగ్ ఫీజు డబ్బు పాఠాలకి పెట్టండి. 2022 నుంచి గోల్ఫ్ కోచ్‌ల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా హెడ్డాఫీసు మీ ఊళ్లోనే ఉంది, మీ చుట్టుపక్కల కోచ్‌లకి కరువుండదు. ఫిట్టర్ కొలిచేది ఈరోజు మీకున్న స్వింగ్‌ని, ఆర్నెల్లలో అది మారిపోతే కొన్న క్లబ్బులు పాత స్వింగ్‌వి అయిపోతాయి.

స్వింగ్ కాస్త కుదురుకున్నాక ఫిట్టింగ్‌కి తప్పకుండా వెళ్లండి, అప్పుడు ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. మీ పాత క్లబ్ తీసుకెళ్లి మొదట దానితోనే కొట్టి నంబర్లు రాయించుకోండి. కొత్త 7 నంబర్ ఐరన్ పదిహేను గజాలు ఎక్కువ పోతోందని దూరం కొలిచే మానిటర్ చూపిస్తే వెంటనే లాఫ్ట్ ఎంతని అడగండి. పాత 7 నంబర్ ఐరన్లు 34, 35 డిగ్రీలుండేవి, ఇప్పటి వాటిలో చాలావరకు 30 లోపే. అంటే మీరు కొట్టింది ఇంచుమించు, లాఫ్ట్ తక్కువై ఎక్కువ దూరం పోయే పాత 6 నంబరే, దాని మీద 7 అని రాసి ఉంది, అంతే. ఒక్క పెద్ద షాట్ చూసి కార్డు తీయకండి, పది బంతులూ ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో చూడండి.

ప్రశ్న: మాది హైదరాబాద్. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మావారి పాత స్టీల్ క్లబ్బుల్ని రెండంగుళాలు కోయించి నాకిచ్చారు. బంతి గాల్లోకే లేవదు. నాకు చేతకావట్లేదా, క్లబ్బులే సరిపోవట్లేదా?

జవాబు: క్లబ్బులే అమ్మా. ఇలా చేయడం చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎంతమంది ఆడవాళ్లు ఇలాంటి క్లబ్బులు పట్టుకుని మనకి రాదులే అని ఆట మానేశారో. షాఫ్ట్‌ని పైనుంచి కోస్తే పొడుగు తగ్గుతుంది, బరువు మాత్రం పెద్దగా తగ్గదు. షాఫ్ట్ ఇంకాస్త బిర్రుగా అవుతుంది, చేతికి హెడ్ ఎక్కడుందో తెలియదు. పైగా గ్రిప్ మీవారి చేతికి సరిపోయే లావుదే ఉండి ఉంటుంది కదా, చిన్న చెయ్యికి అది పట్టు దొరకనివ్వదు.

మీరు ఫిట్టింగ్ చేయించుకోండి, పై ఆయనకి చెప్పినట్టు ఆగక్కర్లేదు. తేలికపాటి గ్రాఫైట్ షాఫ్టులు అడగండి. లేడీస్ అని రాసున్న సెట్ కళ్లు మూసుకుని కొనకండి. షాఫ్ట్ ఎంత గట్టిదో చెప్పడానికి దాని మీద ఎల్ (లేడీస్), ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అని రాసే అక్షరాలకి కంపెనీలన్నిటికీ కలిపి ఒక కొలత లేదు, ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. కొట్టి చూసే తీసుకోవాలి. రూల్ ప్రకారం 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు గానీ మీకు ఇప్పుడు ఏడెనిమిది చాలు. మిగిలిన డబ్బుతో వీటినే మంచివి తీసుకోండి.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. ఆడి వచ్చాక వేళ్లు నొప్పి అంటున్నారు. కొత్త సెట్ కొనాలా?

జవాబు: ముందు గ్రిప్పులు మార్పించండి. ఎండకీ చెమటకీ గట్టిపడిన రబ్బరుని జారిపోకుండా పట్టుకోవాలని బిగిస్తారు, నొప్పి అక్కడే మొదలవుతుంది. కాస్త లావుగా, మెత్తగా ఉన్నవి వేయిస్తే అంత బిగించనక్కర్లేదు. ఆ తర్వాత కూడా నొప్పి ఉంటే ఐరన్లకి స్టీల్ తీసేసి గ్రాఫైట్ షాఫ్టులు వేయించే సంగతి ఆలోచించండి, దెబ్బ తగిలినప్పటి అదురు తక్కువగా వస్తుంది. ఆ లోపు ఒకసారి డాక్టరుకి కూడా చూపించండి.