పొద్దున నువ్వెక్కడ తిన్నావన్నా?

కొత్త ఊరెళ్ళినప్పుడు మంచి తిండి దొరికే చోటు ఎలా కనుక్కోవాలని అడిగారు. విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం నాది, నెలలో సగం రోజులు బయటి తిండే, కాబట్టి కడుపు కాల్చుకుని నేర్చుకున్నది చెప్తాను.

"ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే మన చొక్కా, బ్యాగు చూసి పాపం మర్యాద కోసం ఏసీ ఉన్నదే చూపిస్తారు. "పొద్దున నువ్వెక్కడ తిన్నావన్నా?" అని అడగండి. మాది కృష్ణా జిల్లా, మొదటిసారి గుంతకల్లులో దిగినప్పుడు స్టేషన్ బయట ఆటో ఆయన్ని ఇదే అడిగితే "ఉగ్గాని తింటావా సార్?" అన్నాడు. అదేంటో కూడా తెలీదు నాకు. తీసుకెళ్ళి ఒకావిడ టిఫిన్ బండి దగ్గర దింపాడు. ఆవిడ బొరుగుల్ని నీళ్ళలో ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో పడేసి కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చింది. బొరుగులు ఎంతసేపు నానాలమ్మా అంటే "నానబెట్టేదేముంది నాయనా, ముంచి పిండేయడమే" అంది. అటుకుల ఉప్మాలా ఉంటుందనుకున్నా, కానే కాదు, మెత్తగా ఉంటూనే ముద్దవ్వకుండా నోట్లో విడిపోతుంది. నేను దిగిన లాడ్జి మెనూలో ఇది లేనే లేదు, అవే ఇడ్లీ, దోశ, పూరీ. మర్నాడు తొమ్మిదిన్నరకి వెళ్తే బండి కడిగేస్తోంది! అంటే చోటు తెలిస్తే సరిపోదు, టైమ్ కూడా అడిగి పెట్టుకోవాలి.

కోనసీమలోని అంబాజీపేట పొట్టిక్కలు కూడా అంతే, ఊరివాళ్ళని అడిగి తినాల్సినవే. పనసాకులతో కుట్టిన చిన్న బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడిగా ఉన్నప్పుడు ఆకు ఒలుస్తుంటే వచ్చే వాసన ఇంకే ఇడ్లీకీ రాదు. కొబ్బరి మార్కెట్‌కి పేరున్న ఊరు, చట్నీ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనానికైతే కోర్టు, కలెక్టరేట్ చుట్టుపక్కల మెస్సులు వెతుకుతా. గుమాస్తాలు రోజూ అక్కడే తింటారు, ఒక్కరోజు పప్పు మాడినా గొడవ చేస్తారు.

ఇక ఫోన్‌లో స్టార్లంటారా? నాలుగున్నర స్టార్లు చూసి హైవే మీద ఒకచోట బిర్యానీ తిని రెండు రోజులు లాడ్జి గదిలోనే పడుకున్నాను. ఇప్పుడు రెండు స్టార్ల రివ్యూలే చదువుతా. "ఏసీ లేదు, పార్కింగ్ లేదు" అని తిట్టారంటే ధైర్యంగా వెళ్తా, "కూర వాసనొచ్చింది" అని ఉంటే దాని జోలికి పోను. లారీలు ఆగిన చోట తినమంటారు చాలామంది, అది సగమే నిజం, లారీ నిలపడానికి ముందు జాగా కావాలి కదా, రుచి తర్వాత. పిల్లలుంటే మాత్రం పొయ్యి మీంచి దిగిందే పెట్టించండి, మీ నీళ్ళ సీసా మీరే తీసుకెళ్ళండి.

ఇంతకీ మీరు ఏ ఊరెళ్తున్నారో రాయలేదు. అనంతపురం, కర్నూలు వైపైతే ఎనిమిది లోపే రోడ్డు మీదకి రండి, బజ్జీలు అప్పుడే నూనెలోంచి తీస్తుంటారు.